వ్యాన్ డాష్‌బోర్డు మీద ఆ లైట్లేంటి, ఈ స్విచ్‌లేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

కారు బాగానే నడిపేవాళ్లు కూడా మొదటిసారి ఈకో వ్యాన్ ఎక్కగానే అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. స్కూల్ పిల్లల ట్రిప్పులకు కొత్తగా వ్యాన్ తీసుకున్నవాళ్లు, కూరగాయల మార్కెట్ నుంచి సరుకు తోలేవాళ్లు, పెళ్లికి బంధువుల బండి అడిగి తీసుకెళ్లేవాళ్లు, అందరికీ అవే డౌట్లు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఎక్కువగా మారుతి ఈకో, పాత ఓమ్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. మన ఊళ్లలో వ్యాన్ అంటే చాలామందికి అవే కదా. వింగర్, ట్రావెలర్ లాంటి డీజిల్ బళ్లకు తేడా ఉన్నచోట అదీ చెప్పాను. మీ బండి మాన్యువల్‌లో వేరేగా రాసి ఉంటే మాత్రం మాన్యువల్ మాటే ఫైనల్.

## మొదటిసారి సీట్లో కూర్చున్నప్పుడు

కారు నడుపుతాను, వ్యాన్‌కి కొత్తగా ఏం నేర్చుకోవాలి?

పెడల్స్ అవే: ఎడమ కాలికి క్లచ్, కుడి కాలికి బ్రేకు, యాక్సిలరేటర్. మారేది బండి ఒళ్లు. ఓమ్నిలో అయితే మీరు దాదాపు ముందు చక్రం మీదే కూర్చుంటారు కాబట్టి మలుపులో స్టీరింగ్ కారులో కంటే కాస్త ఆలస్యంగా తిప్పాలి, లేకపోతే వెనక చక్రం గట్టు ఎక్కుతుంది. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. చాలా ఈకోల్లో పవర్ స్టీరింగ్ ఉండదు, కాబట్టి బండి నిలబెట్టి స్టీరింగ్ మెలి తిప్పొద్దు. కొంచెం కదిలిస్తూ తిప్పితే భుజాలూ బాగుంటాయి, టైర్లూ బాగుంటాయి. ఇక ఖాళీ బండికీ ఏడుగురు ఎక్కిన బండికీ బ్రేకు పట్టే దూరం ఒకటి కాదు. మొదటిసారి నిండు బండి తోలేటప్పుడు ఊరు దాటకముందే, రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఒకసారి బ్రేకు నొక్కి చూసుకోండి.

ఇండికేటర్ వేద్దామంటే వైపర్ తిరుగుతోంది, ఎందుకు?

మారుతి బళ్లలో ఇండికేటర్ రాడ్డు స్టీరింగ్‌కి కుడి పక్కన, వైపర్ రాడ్డు ఎడమ పక్కన ఉంటాయి. యూరప్ కంపెనీల కార్లకు అలవాటుపడ్డవాళ్లకు ఇది తిరగేసినట్టు ఉంటుంది. కుడి రాడ్డు కిందికి నొక్కితే కుడి ఇండికేటర్, పైకి ఎత్తితే ఎడమ. గుర్తుపెట్టుకోనక్కర్లేదు, స్టీరింగ్ ఎటు తిప్పబోతున్నారో రాడ్డూ అటే కదులుతుంది. అదే రాడ్డు చివర తిప్పితే మొదట పార్కింగ్ లైట్లు, ఇంకోసారి తిప్పితే హెడ్‌లైట్లు. మీ వైపు లాగి వదిలితే డిప్పర్ కొట్టినట్టు.

రివర్స్ గేరు పడట్లేదు, కరకర సౌండ్ వస్తోంది. గేర్‌బాక్స్ పోయిందా?

చాలాసార్లు ఏమీ పోదు. ముందుకు వెళ్లే గేర్లకున్నట్టు చాలా బళ్లలో రివర్స్‌కి సింక్రోమెష్ (గేరు పళ్లు కలిసేముందు వాటి వేగాన్ని సరిచేసే భాగం) ఉండదు, అందుకే బండి అంగుళం కదులుతున్నా అది అరుస్తుంది. పూర్తిగా ఆపండి, క్లచ్ అడుగుదాకా తొక్కి రెండు క్షణాలు ఆగండి, అప్పుడు వేయండి. అయినా పడకపోతే న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలి మళ్లీ తొక్కి ప్రయత్నించండి. రివర్స్ ఏ మూలన ఉందో గేరు రాడ్డు నాబ్ మీద బొమ్మ ఉంటుంది, పరాయి బండి అయితే ముందు అది చూడండి. ఇంత చేసినా రోజూ కరకరలాడితే క్లచ్ పూర్తిగా విడట్లేదని అర్థం, షెడ్డుకి తీసుకెళ్లాల్సిందే.

అద్దాలు ఎలా పెట్టుకోవాలి?

లోపలి అద్దం మీద ఆశ వదులుకోండి. వెనక జనమో బస్తాలో ఉంటే అందులో కనిపించేది వాళ్ల తలలే. బయటి రెండు అద్దాల్లో మీ బండి పక్క భాగం సన్నగా ఒక గీతలా కనపడాలి, మిగతాదంతా రోడ్డు. రివర్స్ సెన్సర్ ఉన్నా దిగి ఒకసారి వెనక చూడటం మంచిది. దానికి సన్నటి ఇనుప చువ్వ, గుంత, కాలువ అంచు తెలియవు.

## కీ తిప్పినప్పుడు

కీ అసలు తిరగట్లేదు, స్టీరింగ్ కూడా బిగుసుకుపోయింది.

స్టీరింగ్ లాక్ పడింది, అంతే. కీ తీసేశాక స్టీరింగ్ కదిపితే పడిపోతుంది, దొంగల కోసం పెట్టింది. ఎడమ చేత్తో స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తూ కుడి చేత్తో కీ మెల్లగా తిప్పండి. బలం పెడితే కీ విరుగుతుంది. నడుస్తుండగా ఈ లాక్ పడితే స్టీరింగ్ తిరగదు, అందుకే దిగుడులో బండి నడుస్తుండగా కీ వెనక్కి తిప్పి ఆఫ్ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానేయండి.

కీ ఆన్ చేయగానే లైట్లన్నీ వెలిగాయి. బండి పాడైనట్టేనా?

కాదు, అలా వెలగాలి. కీ ఆన్‌లో పెట్టగానే బల్బులు పనిచేస్తున్నాయో లేదో బండి తనను తాను చూసుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు లాక్ కాకుండా చూసేది) లైట్లు కొన్ని క్షణాలకు ఆరిపోతాయి. ఆయిల్, బ్యాటరీ, ఇంజిన్ లైట్లు స్టార్ట్ అయ్యాక ఆరతాయి. హ్యాండ్ బ్రేక్ లైటు బ్రేక్ దింపితే ఆరుతుంది, సీట్ బెల్టు లైటు బెల్టు పెట్టుకుంటే ఆరుతుంది. భయపడాల్సింది రెండు విషయాలకు: స్టార్ట్ అయ్యాక కూడా ఆరని లైటు, కీ ఆన్ చేసినప్పుడు అసలు వెలగని లైటు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆయిల్ లైటు బల్బు మాడిపోయి ఉంటే రేపు ఆయిల్ ప్రెషర్ పడిపోయినా మీకు చెప్పేవాళ్లుండరు.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఏది ఎంత సీరియస్?

బొమ్మ అర్థం కాకపోయినా రంగు చూస్తే సగం పని అయిపోతుంది. నడుస్తుండగా ఎర్ర లైటు వెలిగితే పక్కకు తీసి ఆపాలి. పసుపు అంటే నడపొచ్చు, కానీ త్వరలో చూపించాలి. ఆకుపచ్చ, నీలం మీరు వేసినవే: ఇండికేటర్లు ఆకుపచ్చ, హై బీమ్ నీలం. ఒక మినహాయింపు ఉంది. కొన్ని బళ్లలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు థర్మామీటర్ బొమ్మతో ఒక నీలం లైటు వెలుగుతుంది. అది ఆరేదాకా ఇంజిన్‌ని గట్టిగా గుంజకండి, అంతకుమించి ఏం లేదు.

కీ బొమ్మ, తాళం బొమ్మ మిణుకుమంటోంది, బండి స్టార్ట్ కావట్లేదు.

ఇమ్మొబిలైజర్ మీ కీని గుర్తుపట్టలేదు. కీ తలలో చిన్న చిప్ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని చదివితేనే ఇంజిన్‌ని స్టార్ట్ కానిస్తుంది. కీ గుత్తిలో అలాంటిదే ఇంకో బండి కీ ఉంటే తీసి పక్కన పెట్టి ప్రయత్నించండి. రెండో కీతో అయితే స్టార్ట్ అవుతుందంటే మొదటి కీలోనే తేడా. బయట కోయించిన డూప్లికేట్ కీ తలుపు తీస్తుంది గానీ బండిని స్టార్ట్ చేయదు.

సీఎన్‌జీ స్విచ్ మీద లైట్లు అన్నీ ఉన్నాయనుకున్నా, ఒక్కసారిగా అయిపోయింది. ఎందుకలా?

ఆ చిన్న లైట్లు చూపించేది సిలిండర్లో ప్రెషర్‌ని, మిగిలిన కిలోమీటర్లని కాదు. నింపినప్పుడు దాదాపు 200 బార్ ఉండే ప్రెషర్ ఎండకు ఒకలా, చలికి ఒకలా కనిపిస్తుంది, లైట్లు కూడా లెక్కగా ఒకటొకటే ఆరవు. ట్రిప్ మీటర్ చూసుకుంటూ మీ బండి ఒక ఫుల్‌కి ఎంత వస్తుందో తెలుసుకోవడమే నమ్మకమైన పద్ధతి. గ్యాస్ మీదే నడిపినా పెట్రోల్ ట్యాంకు ఎండబెట్టొద్దు, కొద్దిగానైనా ఉంచండి, వారానికి ఒకసారైనా కాసేపు పెట్రోల్ మీద నడపండి. గ్యాస్ నింపించాక బండి స్టార్ట్ కాకపోతే కంగారు పడకుండా ఫిల్లర్ మూత సరిగా పడిందో లేదో చూడండి. కంపెనీ ఫిట్టింగ్ బళ్లలో ఆ మూత తెరిచి ఉంటే స్టార్ట్ కాకుండా స్విచ్ పెట్టి ఉంటుంది. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ ఉంటుంది, ఆ తేదీ ప్లేటు మీదే ఉంటుంది.

పాత ఓమ్నిలో ఒక నాబ్ బయటికి లాగమంటున్నారు, అదేంటి?

చోక్. కార్బురేటర్ బళ్లకు మాత్రమే ఉంటుంది. చలికాలం పొద్దున్నే ఇంజిన్ మొరాయిస్తే దాన్ని లాగి స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కగానే లోపలికి నొక్కేయాలి. లాగి మర్చిపోతే పెట్రోల్ తాగేస్తుంది, నల్ల పొగ వస్తుంది.

డీజిల్ వ్యాన్‌లో స్ప్రింగులాంటి పసుపు లైటు వెలుగుతోంది.

అది హీటర్ ప్లగ్ లైటు. కీ ఆన్ చేసి, అది ఆరాక సెల్ఫ్ కొట్టండి, చలిలో ముఖ్యంగా. నీటి బొట్లతో ఉన్న ఫిల్టర్ బొమ్మ వెలిగితే డీజిల్ ఫిల్టర్లో నీళ్లు చేరాయని, వాటిని దింపించాలి. కొన్ని బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బళ్లకు యూరియా ద్రవం ట్యాంకు వేరేగా ఉంటుంది. దాని లైటు వస్తే నింపించండి, వాయిదా వేస్తే చివరికి బండి స్టార్ట్ కానంటుంది.

## రోడ్డు మీద ఉన్నప్పుడు

నూనె డబ్బా లాంటి ఎర్ర లైటు వెలిగింది. ఇంకో పది కిలోమీటర్లే, వెళ్లిపోవచ్చా?

వద్దు. ఒక్క కిలోమీటరు కూడా వద్దు. చాలామంది దాన్ని ఆయిల్ తగ్గింది, సాయంత్రం పోయిద్దాం అనే లైటు అనుకుంటారు. అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ లేదని, అంటే ఇంజిన్ లోపల ఇనుము ఇనుముని రాసుకుంటోందని. నిమిషాల్లో ఇంజిన్ సీజ్ అవుతుంది, ఆ బిల్లు చూస్తే బండి అమ్మేద్దామా అనిపిస్తుంది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ కట్టేయండి. సమతలంగా ఉన్నచోట ఐదు పది నిమిషాలు ఆగి, ముందు సీటు ఎత్తి డిప్‌స్టిక్ తీయండి (లోపలంతా కాలుతుంటుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి). ఒకసారి తుడిచి, పూర్తిగా దింపి, మళ్లీ తీసి చూస్తే రెండు గుర్తుల మధ్య ఆయిల్ తడి ఉండాలి. లేకపోతే ఆయిల్ పోసి, లైటు ఆరితే మెల్లగా షెడ్డుకి వెళ్లండి. ఆయిల్ సరిగానే ఉండి లైటు ఆరకపోతే స్టార్ట్ చేయకుండా టోయింగ్ పిలిపించండి. మలుపుల్లో, ఘాట్‌లో మాత్రమే ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంటే ఆయిల్ బాగా తగ్గిందన్నట్టే.

బ్యాటరీ లైటు వెలిగింది కానీ బండి మామూలుగానే నడుస్తోంది. కొత్త బ్యాటరీ వేయించాలా?

తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. ఆ లైటుకి అర్థం ఛార్జింగ్ జరగట్లేదని: ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) పోయిందో, బెల్టు తెగిందో, వైరు ఊడిందో. బ్యాటరీలో ఉన్నంతవరకే బండి నడుస్తుంది. ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జర్ కట్టేసి దగ్గర్లోని ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. అయితే ముందు ఆపి బెల్టు ఉందో లేదో చూడండి. చాలా ఇంజిన్లలో అదే బెల్టు నీళ్ల పంపునూ తిప్పుతుంది, బెల్టు తెగితే కాసేపటికి ఇంజిన్ హీటెక్కుతుంది. అప్పుడు ముందుకెళ్లడం కుదరదు.

మా బండికి టెంపరేచర్ ముల్లే లేదు. ఇంజిన్ హీటెక్కిందని ఎలా తెలుస్తుంది?

చాలా కొత్త బళ్లలో ముల్లు తీసేసి ఎర్ర థర్మామీటర్ లైటుతో సరిపెట్టారు. నాకైతే ఇది నచ్చదు. ముల్లు ఉంటే పైకి పాకుతుండగానే తెలిసేది, లైటు వచ్చేసరికి పని ముదిరి ఉంటుంది. పైగా వ్యాన్‌లో ఇంజిన్ మన కిందే కాబట్టి, మే నెలలో రెంటచింతల వైపో రామగుండం వైపో వెళ్తుంటే సీటు వేడి మామూలేలే అనుకుంటాం. లైటు రాకముందే కొన్ని తెలుస్తాయి: ఏసీ చల్లదనం తగ్గుతుంది, బండి గుంజదు, తియ్యగా వేడి వాసన వస్తుంది, అది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వాసన.

లైటు వెలిగితే ఏసీ కట్టేసి పక్కకు తీయండి. ఆవిరి వస్తుంటే ఇంజిన్ వెంటనే ఆపండి. ఆవిరి లేకపోతే కాసేపు ఐడిల్‌లో ఉంచి, హీటర్ ఉంటే వేడి వైపు తిప్పి ఫ్యాన్ ఫుల్ పెట్టండి. మీకు ఉక్కపోస్తుంది గానీ ఇంజిన్ వేడి కొంత బయటికి పోతుంది. రెండు నిమిషాల్లో లైటు ఆరకపోతే ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్లో ఉన్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి, గుడ్డ వేసి తిప్పినా సరే. కనీసం అరగంట చల్లారాక కూలెంట్ డబ్బా మీద రెండు గీతలు చూసి, కింది గీత కంటే తక్కువుంటే పోయండి. కాలుతున్న ఇంజిన్లో బిందెడు చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

పసుపు ఇంజిన్ బొమ్మ వెలిగింది, బండిలో తేడా ఏమీ లేదు. వదిలేయొచ్చా?

నిలకడగా వెలుగుతుంటే నడపొచ్చు, ఆ వారంలో స్కానర్ పెట్టించండి. సెన్సర్, స్పార్క్ ప్లగ్, సైలెన్సర్ వైపు ఏదైనా కావచ్చు, కోడ్ చదివితే గానీ తెలియదు. మిణుకు మిణుకుమంటుంటే మాత్రం వేరే కథ. అప్పుడు ఏదో సిలిండర్లో పెట్రోల్ సరిగా మండట్లేదు, మండని పెట్రోల్ వెళ్లి సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. కాలు తీసేసి నెమ్మదిగా దగ్గర షెడ్డుకి. బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పేసే మెకానిక్‌కి డబ్బులివ్వకండి, మళ్లీ వస్తుంది.

హ్యాండ్ బ్రేక్ దింపేశాను, అయినా ఎర్రగా ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతూనే ఉంది.

ఒకసారి లివర్ పూర్తిగా దిగిందో లేదో చూడండి. దిగినా ఆరట్లేదంటే బ్రేక్ ఆయిల్ తగ్గింది. లీక్ అయినా తగ్గుతుంది, ప్యాడ్లు బాగా అరిగినా తగ్గుతుంది. పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే బండి కదపొద్దు. ఏబీఎస్ అని రాసిన పసుపు లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కాకుండా ఆపే సాయం ఉండదు. రెండు లైట్లూ కలిసి వెలిగితే మాత్రం ఆపేసి పిలిపించుకోండి.

80 దాటగానే టుంగ్ టుంగ్ అంటోంది, దాన్ని తీసేయొచ్చా?

2019 జూలై నుంచి తయారైన ప్రయాణికుల కార్లు, చిన్న వ్యాన్లకు అది తప్పనిసరి. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆపకుండా మోగుతుంది. వైరు కోసేసేవాళ్లున్నారు, నేనైతే వద్దంటా. ఎత్తుగా, సన్నటి టైర్లతో ఉండే వ్యాన్ 80 మీద పక్కగాలికే ఊగుతుంది. సీట్ బెల్టు బీప్ రాకుండా ఖాళీ బకిల్ గుచ్చి కూర్చునేవాళ్లకు కూడా ఇదే మాట.

ఫోన్ మ్యాప్‌లో 74, మీటర్లో 80. ఏది నిజం?

ఫోనే దగ్గరగా ఉంటుంది. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని నియమం, కాబట్టి కంపెనీలు కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. మీటర్ పాడైనట్టు కాదు.

ఆర్‌పీఎం మీటర్ లేదు, గేరు ఎప్పుడు మార్చాలి?

చెవిని నమ్మండి. ఇంజిన్ గోల పెడుతుంటే పై గేరు, డుగుడుగుమని వణుకుతుంటే కింది గేరు. నిండు బండితో ఎత్తు ఎక్కేటప్పుడు వణికేదాకా ఆగకుండా ముందే గేరు దించండి.

పెట్రోల్ ఆఖరి గడి మీద ఎంత దూరం వెళ్లొచ్చు?

పరీక్షించకండి. ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ట్యాంకులో పెట్రోల్ అటూ ఇటూ జరిగి గడులు మారిపోతుంటాయి. ట్యాంకులోని పంపు పెట్రోల్‌లో మునిగి ఉండటం వల్లే చల్లగా ఉంటుంది, మాటిమాటికీ ఎండగడితే తొందరగా పోతుంది.

## రాత్రి, వాన, ఘాట్ రోడ్డు

డిప్‌లోనే వెళ్తున్నా, అయినా ఎదుటివాళ్లు లైట్లు కొడుతున్నారు.

వెనక ఎంత బరువుంది? వ్యాన్ వెనక నిండితే తోక కిందికి దిగి మూతి పైకి లేస్తుంది, మీ డిప్ లైటు ఎదుటివాడి కళ్లలోకి వెళ్తుంది. డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 లేదా 4 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉందేమో చూడండి. చాలామంది ఏళ్ల తరబడి వాడే బండిలో దాన్ని ముట్టుకోరు. డ్రైవర్ ఒక్కడే ఉంటే 0, జనం నిండితే, సామాను పెరిగితే అంకె పెంచాలి. పెంచేకొద్దీ వెలుగు కిందికి దిగుతుంది. గోడ ముందు ఆపి తిప్పి చూస్తే తేడా కళ్ల ముందే కనిపిస్తుంది. తిప్పినా వెలుగు కదలకపోతే మోటార్ పోయింది. బయట ఎక్కువ వాట్ల బల్బులు వేయించి ఉంటే ఈ చక్రం కూడా ఏం చేయలేదు.

జంక్షన్‌లో నేరుగా వెళ్లాలంటే నాలుగు ఇండికేటర్లు వేయాలి కదా?

వేయకూడదు. ఎవరు మొదలుపెట్టారో గానీ మన దగ్గర ఊరూరా ఉంది ఈ అలవాటు. పక్క నుంచి వచ్చేవాడికి మీ బండి ఒక వైపు ఇండికేటర్ మాత్రమే కనిపిస్తుంది, మీరు అటే తిరుగుతున్నారనుకుంటాడు. నేరుగా వెళ్లేవాళ్లు ఏ ఇండికేటరూ వేయక్కర్లేదు. ఎర్ర త్రికోణం బొమ్మ స్విచ్ బండి చెడి రోడ్డు పక్కన ఆగినప్పటికి. జోరు వానలో వేసుకుని నడపడం కూడా అంతే, మీరు లేన్ మారుతున్నట్టు వెనకవాడికి చెప్పే దారి ఉండదు. వానలో హెడ్‌లైట్లు డిప్‌లో వేసుకోండి చాలు.

వానలో లోపలి నుంచి అద్దం మసకబారుతోంది, గుడ్డతో తుడుస్తూనే ఉన్నాం.

జనం ఊపిరి తేమ అది. ఏసీ వేసి, గాలి దిశ నాబ్ ముందు అద్దం బొమ్మ మీదికి తిప్పి, లోపలి గాలే తిరిగే మోడ్ నుంచి బయటి గాలి మోడ్‌కి మార్చండి. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది. ఏసీ లేని బండిలో ఫ్యాన్ అద్దం మీదికి పెట్టి కిటికీలు వేలెడు దించడం తప్ప దారి లేదు.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోల్ మిగులుతుందంటారు, నిజమేనా?

ఇంజెక్షన్ ఇంజిన్లలో (కార్బురేటర్ లేకుండా కంప్యూటరే పెట్రోల్ కొలిచి పంపేవి) ఉల్టా. గేరులో ఉండి కాలు తీసేస్తే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది, ఇంజిన్‌ని చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఐడిల్ కోసం పెట్రోల్ ఖర్చవుతూనే ఉంటుంది. అది పక్కనబెట్టినా, శ్రీశైలం, అరకు, తిరుమల దిగుళ్లలో నిండు వ్యాన్‌ని బ్రేకు ఒక్కదాని మీద ఆపుతూ వస్తే బ్రేకులు కాలి వాసన వస్తాయి, ఆ తర్వాత పట్టవు. రెండో గేరో మూడో గేరో వేసుకుని, బ్రేకు నొక్కి వదులుతూ దిగండి. ఇంజిన్ కట్టేసి దిగడం అసలు వద్దు. బ్రేక్ బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

## ఆపాక, అమ్మకాలు కొనుగోళ్లప్పుడు

మైలేజ్ ఎలా లెక్కపెట్టాలి?

ట్యాంక్ ఫుల్ చేయించి, నాజిల్ ఆటోకట్ అయ్యాక ఆపించి, ట్రిప్ మీటర్ బటన్ నొక్కి పట్టుకుని సున్నా చేయండి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ట్రిప్‌లో 312 కిలోమీటర్లు, పట్టింది 19.5 లీటర్లు అయితే మీ మైలేజ్ 16. ఓడోమీటర్ చూపించేది బండి మొత్తం తిరిగిన దూరం, దాన్ని మార్చకూడదు.

తలుపులన్నీ వేశాం, అయినా తలుపు లైటు ఆరట్లేదు. పిల్లలు లోపల నుంచి తలుపు తీయలేకపోతున్నారు కూడా.

లైటుకి కారణం చాలాసార్లు జారుడు తలుపు. సగం లాక్‌లో ఆగిపోతుంది, బయటికి లాగి గట్టిగా ఒకసారి వేయండి. వెనక డిక్కీ తలుపు కూడా చూడండి. పిల్లలు తీయలేకపోవడం చైల్డ్ లాక్ వల్ల, తలుపు అంచున చిన్న మీట ఉంటుంది. స్కూల్ ట్రిప్పులకు అది వేసే ఉంచండి, దించేటప్పుడు మీరే దిగి బయట నుంచి తీయండి.

సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూడ్డానికి వెళ్తున్నా, డాష్‌బోర్డులో ఏం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచారంటే ఎందుకో అడగండి. కీ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగి, వెలగాల్సిన లైట్లు లెక్కపెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో ఆ లైటు అసలు వెలగట్లేదంటే, లేదా ఇంజిన్ లైటు వెలగట్లేదంటే, లోపల తప్పు దాచడానికి బల్బు పీకేసి ఉండొచ్చు, వెలిగినా, తోడుగా ఆరిపోయేలా దాన్ని ఇంకో లైటుకి కలిపి ఉండొచ్చు. ఓడోమీటర్ 40 వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే సర్వీస్ రికార్డు అడగండి. ఇండికేటర్లు, హారన్, వైపర్, హీటర్ ఫ్యాన్ అన్ని స్పీడ్‌లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి, అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే. ఆ తర్వాత ఏసీ వేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి థర్మామీటర్ లైటు వైపు ఒక కన్ను వేసి ఉంచండి. బేరం మాట్లాడటానికి ఆ పది నిమిషాలు ఎలాగూ పడతాయి.